తూనీగ ట్రిగ్గరు

ఫిబ్రవరి 9, ఆదివారం

వెనక వరుస చక్రవర్తి, దాక్కునే బంకర్ల పాలిటి దేవుడు, మహామౌని శ్రీ గోడగారి సముఖానికి,

ఒకప్పుడు ముందు వరుసలో ఎగిరి దూకి మోకాళ్లు చీరుకున్న తూనీగ అనే పామరుడు సవినయంగా చేసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం. అమ్మ క్షేమం. చెల్లి తాను క్షేమంగా ఉండి, నా క్షేమానికి అడ్డుపడుతోంది. తమరి క్షేమం గురించి షాపు బాబాయిని అడిగి తెలుసుకుంటున్నాను. నా పేరెత్తితే మొహం పక్కకు తిప్పుకునేంత ఆరోగ్యంగా ఉన్నారని విని సంతోషించాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, వీడికి పిచ్చి ముదిరిందా అనుకుంటున్నావేమో. నీ ఫోనులో నా నంబరుకు తాళం వేశావు. చెల్లి ఫోను నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. పోనీ మీ ఇంటికి వద్దామంటే మీది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, నాకేమో ఈమధ్య మెట్లంటే పడటం లేదు. వయసు మీద పడింది కదా, పాతికేళ్లు దాటాయి. ఇక మిగిలింది తపాలా శాఖ ఒక్కటే. అక్షరాలు గుండ్రంగా, వరసలో నిలబెట్టినట్టున్నాయని ఆశ్చర్యపోకు. మనిషన్నాక మారతాడు. మారడని నువ్వంటావు, తెలుసు.

సంగతికొస్తాను. నేను ఆట మానేశాను. నా మార్కర్ నువ్వు తీసుకోవాలి.

మార్కర్ అన్నాను, గమనించు. పెయింట్‌బాల్ గ్రౌండుకి కొత్తగా వచ్చినవాడెవడైనా తుపాకీ అంటే చాలు, వాణ్ణి పక్కకు లాగి, ఇది తుపాకీ కాదు నాయనా, రంగు బంతి విసిరి మనిషి మీద గుర్తు వేసే పరికరం, అందుకే మార్కర్ అంటారు అని పాఠం చెప్పేవాడివి. ఆ పాఠం మా ఇంట్లో కూడా చెప్పి చెప్పి, చివరికి మా అమ్మ పక్కింటావిడతో మావాడి మార్కర్ పాడైందండీ, దిగులుగా ఉన్నాడు అంటే, ఆవిడ జాలిపడి ఒక స్కెచ్ పెన్ను తెచ్చిచ్చింది. అది ఇంకా ఉంది. దాన్ని కూడా ఉచితంగా జతచేస్తాను.

మనం అద్దె మార్కర్లతో ఆడిన రోజులు గుర్తున్నాయి కదా. తుప్పు పట్టిన గేటు గొళ్లెం లాగినట్టు లాగితే గానీ ట్రిగ్గరు కదిలేది కాదు. ఆట అయ్యాక నేరుగా బాబాయి షాపు ముందుకెళ్లి అద్దానికి ముక్కులు ఆనించి లోపలి ఎలక్ట్రానిక్ మార్కర్లు చూసేవాళ్లం. ఆయన లోపలి నుంచి తడిగుడ్డ పట్టుకొచ్చి, మనల్నేమీ అనకుండా, మన ముక్కుల మరకలు తుడిచి వెళ్లేవాడు. కొంటే ఇద్దరం కలిసొచ్చి కొందాం, నాది నువ్వు ఎంచు, నీది నేను ఎంచుతా అని అక్కడే ఒట్టేసుకున్నాం.

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి నేనొక్కణ్ణే వెళ్లి కొనుక్కున్నాను. నీ కోపం అక్కడ మొదలైందని తెలుసు. నీ స్థానంలో నేనుంటే ఇంకా ముందే మొదలుపెట్టేవాణ్ణి.

ఆ రోజు షాపులో ఏం జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు. బాబాయి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. నేను బెండకాయల తోకలు విరిచి చూసే పెద్దమ్మలాగ ఒక్కోదాని ట్రిగ్గరు నొక్కి పక్కన పెడుతూ పోయాను. ఆయనకు చిరాకొచ్చి, ఒరేయ్, బరువు చూడు, గాలి ఎంత తింటుందో అడుగు, విడిభాగాలు దొరుకుతాయో లేదో అడుగు, అవన్నీ మానేసి పిల్లి వీపు నిమిరినట్టు ట్రిగ్గర్లు నిమురుతావేంట్రా అన్నాడు. నాకు తేలిగ్గా ఉండాలి బాబాయ్ అన్నాను. చివరికి మూలన, ఎవరూ కొనక దుమ్ము పట్టిన వంకాయ రంగుది ఒకటుంది. వేలు ఆనించగానే టిక్కుమంది. ఇదే కావాలన్నాను. ఈ రంగు నచ్చిందా నీకు అని ఆయన నా కళ్లలోకి అనుమానంగా చూశాడు. రంగు సంగతి దేవుడికే వదిలేశానన్నాను.

తర్వాతి కథ నీకు తెలిసిందే, కానీ చెప్పకుండా ఉండలేను. కొత్త మోజులో దాన్ని విప్పి, శుభ్రం చేసి, అమ్మ కుట్టుమిషను నూనె ధారగా పోశాను. మిషను నూనెతో మిషనే నడుస్తుంటే ఇదెందుకు నడవదన్నది నా వాదన. లోపల గాలి బయటికి పోకుండా పట్టి ఉంచే రబ్బరు ఉంగరాలు, ఆ ఓ-రింగులన్నీ ఉబ్బి కూర్చున్నాయి. మర్నాడు గాలి సిలిండరు బిగించగానే వంకాయ బుసకొట్టడం మొదలెట్టింది. చెల్లి మంచమెక్కి నిలబడింది. అప్పటికి నువ్వు నాతో మాట్లాడటం లేదు. అయినా ఫోను చేస్తే, మాట్లాడకుండానే వచ్చావు. వంటింట్లో కింద కాగితాలు పరిచి, ఒక్కో ఉంగరం పీకి కొత్తది ఎక్కించి, వేలికి అంటిందా లేదా అన్నంత పల్చగా గ్రీజు రాస్తూ, నీ మొహానికి అద్దె మార్కరే ఎక్కువరా అన్నావు. చివరి ఉంగరానికి వచ్చేసరికి కోపంగా ఉన్న సంగతి మర్చిపోయి అమ్మను కాఫీ అడిగావు. తర్వాత గుర్తొచ్చింది గానీ అప్పటికే సగం తాగేశావు.

ఆ వంకాయే ఇప్పుడు పెట్టెలో ఉంది. నీ చేతికి రావాలని ఉంది. సరేనని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఇట్లు,
తమరి పాదధూళి వల్ల తుమ్ములొచ్చే
తూనీగ


మార్చి 2, ఆదివారం

మితభాషి, ధర్మప్రభువు, శ్రీ గోడగారికి నమస్కారాలు.

తమరి కార్డు అందింది. దొంగ మార్కర్ నాకొద్దు, దొంగా వద్దు అని ఒక్క వాక్యం. ఇన్ని నెలల మౌనం తర్వాత నాలుగైదు మాటలు రాల్చినందుకు మా వంశమంతా కృతజ్ఞులం. చదవగానే కడుపు నిండింది. ఒట్టు, ఎగతాళి కాదు. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి పెట్టాం. అమ్మ చూసి, ఎవర్రా ఆ దొంగ అంది. నేనేనమ్మా అన్నాను. ముందే చెప్తే చెంచాలన్నా దాచుకునేదాన్ని కదరా అంది.

ఆ రోజు సంగతి నేనే ఎత్తుతాను. ఎత్తకపోతే నువ్వు దాన్ని పట్టుకునే కూర్చుంటావు. చివరి ఆట. రెండు జట్లకూ పాయింట్లు సమానం. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒకే బంతి రావాలన్నది రూలు. నా మార్కర్ గబగబా వదిలేస్తోందని అవతలి జట్టు గోల పెట్టింది. మార్షల్, అంటే ఆ గ్రౌండు తీర్పరి, ఆట ఆపి కెప్టెన్‌ని పిలిచాడు. నువ్వొచ్చి నా చేతిలోంచి మార్కర్ తీసుకున్నావు. నమ్మకం లేక కాదు, మావాడు అలాంటివాడు కాదని చూపిద్దామని. అది నీ మొహంలో కనిపించింది. దాని మూతి నేలకి పెట్టి, పిడి మీద అరచేత్తో మెల్లగా తట్టావు. ఎవరూ నొక్కకుండానే అది నేల మీద టపటపా రంగు కక్కింది. ఇంకోసారి తట్టావు, ఇంకా కక్కింది. మన జట్టుని ఆ ఏడాదికి తీసేశారు. నువ్వు ముసుగు తీసి నా వంక చూసి, ఇన్నాళ్లూ నీ వెనక నిలబడినందుకు సిగ్గుగా ఉంది అన్నావు. గట్టిగా కూడా అనలేదు.

కాదని నేను ఆ రోజూ అనలేదు, ఇవాళా అనను. ట్రిగ్గరుని అంత తేలిక చేసింది నేనే. రూలు అంటే రూలు. నువ్వు చేసింది సరైనదే. కెప్టెన్ అన్నవాడు అలాగే చెయ్యాలి.

కానీ ఒక మాట. ఈ ఎలక్ట్రానిక్ మార్కర్లలో ఒక కన్ను ఉంటుంది కదా, బంతి పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూసి గానీ పేలనివ్వదు. సగం దిగిన బంతి మీద పేల్చితే అది లోపలే చితికి అంతా రంగుమయం అవుతుంది కాబట్టి. మనుషుల్లో కూడా ఇలాంటి కన్ను ఒకటి అమర్చి పంపితే బాగుండేదని ఈమధ్య నాకు అనిపిస్తోంది. నిన్నేమీ అనడం లేదు. ఊరికే యంత్రశాస్త్రం మాట్లాడుతున్నాను.

ఇక మా ఇంటి వార్తలు. ఇళ్ల ప్లాన్లు గీసే మా ఆఫీసు నాకు దీర్ఘకాలిక సెలవు ప్రసాదించింది. నా జోకులు భరించలేక అని నేను, నా గీతలు భరించలేక అని మా మేనేజరు. ఇద్దరిలో ఆయనదే సత్యానికి దగ్గర. నేనిప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిని పరిపాలిస్తున్నాను. ఎదురింటి తాతగారు రోజూ ఒకే చెప్పు వేసుకుని బయటికొచ్చి, రెండోది వెతుక్కోవడానికి లోపలికి వెళ్తారు. ఆయన తిరిగొచ్చేదాకా నాకు క్షణం తీరిక ఉండదు.

వంకాయ పోషణ చెల్లి చూస్తోంది. నేను మేనేజరు స్థాయికి ఎదిగాను, చేత్తో పని ముట్టుకోను. నోటితో చెప్తాను, అది చేస్తుంది. మొదట గాలి సిలిండరు ఊడదీయి అంటాను. తర్వాత లోపల మిగిలిన గాలి పోయేదాకా ఖాళీగా పేల్చు అంటాను. అప్పుడు గానీ విప్పకూడదు అంటాను. గ్రీజు ఎక్కువైతే తిడతాను, తక్కువైతే తిడతాను, సరిపోతే నా సాయం లేకుండా ఎలా సరిపోయిందని తిడతాను. మొన్న దానికి ఒళ్లు మండి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని చెప్పేవాళ్లకేం, ఎన్నైనా చెప్తారు అంది. అన్న మరుక్షణం ఎందుకో చటుక్కున లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు గిన్నెలు తోమింది. ఆ గిన్నెలు పొద్దున్నే తోమేసినవి.

నువ్వు కొత్త జట్టు కట్టావని బాబాయి చెప్పాడు. ముందు వరుసలో ఎవడో కొత్తవాణ్ణి పెట్టావట. దూకాల్సిన చోట వంగుతున్నాడట. వాణ్ణి చూడకుండానే నాకు వాడంటే పడటం లేదు. ఆట గురించి నిజంగా నాకు గుర్తొచ్చేది ఏమిటో చెప్పనా. గెలిచినవి కాదు. విజిల్ వెయ్యబోయే ముందు ముసుగులో నా ఊపిరి నాకే వినపడుతుండగా, వెనక నుంచి నీ గొంతు వచ్చేది చూడు, ఎడమ, ఎడమ, ఇంకా ఆగు, ఇప్పుడు అని. ఇప్పుడు అనగానే నేను ముందు ఏముందో కూడా చూడకుండా దూకేవాణ్ణి. ఏ బంతీ తగలదని కాదు. తగిలితే ఆ వైపు చూస్తున్నవాడు ఒకడున్నాడని.

ఆ గొంతు ఈ ఇంట్లో వినపడి చాలా రోజులైంది. అమ్మ కూడా అంది.

మార్కర్‌ని వాడకుండా పెట్టెలో పెడితే ఓ-రింగులు ఎండి బీటలు వారతాయి. దాని మీద కోపం లేదు కదా నీకు. నా మీద కదా. నాకు కావలసినంత కోపం ఉంచుకుని, దాన్ని మాత్రం తీసుకో. నా మొహం చూడక్కర్లేదు. బాబాయి షాపులో పెట్టిస్తాను.

ఇట్లు,
చెంచాలు ఇంకా ముట్టుకోని
తూనీగ


ఏప్రిల్ 6, ఆదివారం

శిలావిగ్రహ సమానులైన శ్రీ గోడగారికి,

ఈసారి కార్డు కూడా రాలేదు. మంచిదే, ఫ్రిజ్ మీద చోటు లేదు. తమరి అనుమతి కోసం ఎదురుచూస్తే వంకాయ ముసలిదైపోయేలా ఉంది కాబట్టి, అడగకుండానే పంపిస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటే పెట్టె కూడా అందుతుంది. విసిరి కొట్టాలనుకుంటే రెండో అంతస్తు నుంచి కొట్టు, మూడో అంతస్తు నుంచైతే తట్టుకోలేదు.

ఇవి నా అప్పగింతలు. కూర్చుని చదువు.

దీనికి తిండి తక్కువ, పొగరు ఎక్కువ. ఆటాడిన రోజే శుభ్రం చెయ్యాలి. అలసిపోయాను, రేపు చూద్దాం అన్నావో, లోపల చిందిన రంగు ఎండి గట్టిపడుతుంది, మర్నాడు నువ్వు బతిమాలుకోవాలి. మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ చాలు, ఏ మందులూ పొయ్యకు. కుట్టుమిషను నూనె గురించి నీకు చెప్పడం నా అహంకారం అవుతుంది. బంతుల డబ్బా తేమ తగలని చోట పెట్టు, ఉబ్బిన బంతి గొట్టంలో ఇరుక్కుని పరువు తీస్తుంది. గ్రౌండు దాటగానే గొట్టానికి టోపీ తొడుగు, చిన్నపిల్లలున్న వీధుల్లోంచి నడుస్తావు. వానాకాలమంతా ఆడకపోతే బ్యాటరీ తీసి పక్కన పెట్టు. లోపలే ఉంచితే ఉప్పు కక్కి తీగల్ని తినేస్తుంది. ఒకసారి నేను మర్చిపోయాను, అదృష్టం బాగుండి బయటపడింది.

దాని కంటిని దూదితో తుడువు. చొక్కా అంచుతో తుడిచే అలవాటు నీకుంది, నేను చూశాను, ఇన్నాళ్లూ మర్యాదకి అనలేదు.

ట్రిగ్గరు సరిచేయించాను. వెనకాల చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే గట్టిపడుతుంది. మామూలు మనుషుల ట్రిగ్గరు ఎంత గట్టిగా ఉంటుందో అంత పెట్టించాను. నువ్వు నమ్మవు కాబట్టి పరీక్షించుకో. అరచేత్తో తట్టు. బల్ల మీద కుదెయ్యి. మార్షల్‌కి ఇచ్చి ఆయన ఇష్టమొచ్చినట్టు ఊపమను. ఒక్క బంతి రాలితే నా పేరు మార్చుకుంటాను. ఒక నొక్కుకి ఒకటి, అంతే. ఇక అది దొంగ మార్కర్ కాదు. దొంగ మాత్రం ఇక్కడే ఉన్నాడు, వాడి గురించి బెంగ వద్దు.

ఈ నెలాఖరు ఆదివారం మీ మొదటి ఆట అని విన్నాను. దాంతో ఆడు. ఆ ముందు వరుస వీరుడికి ఇవ్వకు, వంగేవాళ్లకి అది నప్పదు. నువ్వే పట్టుకో. రంగు చూసి ఎవరైనా నవ్వితే, ఒక పామరుడి కానుక, పారేయలేక మోస్తున్నానని చెప్పు.

నిన్న సాయంత్రం దాన్ని పెట్టెలో సర్దుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఊరికే ఒక వస్తువే కదా. అయినా దుప్పటి చుట్టి పెట్టమన్నాను. దారిలో కుదుపులుంటాయి. మూత వేశాక గది మరీ పెద్దదైనట్టనిపించింది. చెల్లి అడిగింది, ఏంట్రా అన్నయ్యా అలా ఉన్నావు అని. ఎదురింటి తాతగారి రెండో చెప్పు దొరికినట్టుంది, ఇక నాకు పనిలేదు అన్నాను.

ఇంతకంటే రాయడానికేమీ లేదు. ఉన్నా ఇంకోసారి. కుడి మోకాలు జాగ్రత్త, చలికి పట్టేస్తుంది నీకు. బంకరు వెనక ఎక్కువసేపు గొంతుక్కూర్చోకు.

ఇట్లు,
ముందు వరుస నుంచి
తూనీగ

తా.క.

గోడన్నా, ఇది నేను, చెల్లిని. పార్సిల్ మీద అడ్రసు రాస్తున్నానని చెప్పి వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలూ అన్నయ్యకి తెలియవు. తెలిస్తే ఉత్తరం చింపించేవాడు. తను చింపలేడు.

మూడు ఉత్తరాలూ అన్నయ్య చెప్పాడు, నేను రాశాను. ఆ గుండ్రటి అక్షరాలు నావి. నీకు అనుమానం రాకుండా, మనిషన్నాక మారతాడన్న ఆ జోకు కూడా తనే పెట్టమన్నాడు.

మార్కర్ కొనడానికి ముందే అన్నయ్య వేళ్లలో బలం పోవడం మొదలైంది. మొదట చొక్కా గుండీలు. తర్వాత అద్దె మార్కర్ ట్రిగ్గరు. రెండు వేళ్లు కలిపి లాగినా కదలడం లేదని ఇంటికొచ్చి నాకు చూపించాడు, నవ్వుతూనే. నరాలు కండరాలకి చెప్పాల్సిన మాట చెప్పడం మానేసే జబ్బు అని డాక్టరు చెప్పారు. వేళ్లతో మొదలై పైకి పాకుతుందట. కాళ్లు కూడా మొదలయ్యాయి. ఆపే మందు లేదట.

నీతో కలిసి షాపుకి ఎందుకు వెళ్లలేదో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ఒక్కో ట్రిగ్గరూ నొక్కి పక్కన పెట్టింది ఎంచుకోవడానికి కాదు అన్నా, అవి కదల్లేదు. ఆ వంకాయ రంగుదొక్కటే కదిలింది.

వేలి బలం తగ్గినప్పుడల్లా ఆ మర కొంచెం కొంచెం వదులు చేసుకుంటూ వచ్చాడు. చివరి ఆటకి వచ్చేసరికి ఊదితే పేలేంత అయింది. వేలు కూడా వణకడం అప్పటికే మొదలైంది. ఒకసారి నొక్కితే ఆ వణుకుకి మళ్లీ మళ్లీ నొక్కినట్టయ్యేది. ప్రతి వణుకునూ మార్కర్ ఒక నొక్కుగానే తీసుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చాక, ఇప్పుడైనా గోడన్నకి చెప్పు, నేను చెప్పనా అని ఏడ్చాను. ఒద్దన్నాడు. రోగినని తెలిస్తే వాడు నన్ను తిట్టడే, మెల్లగా మాట్లాడతాడు, పండ్లు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుని గోడ వైపు చూస్తాడు, అది నేను చూడలేను, దొంగనైతే కనీసం తిడతాడు, నాకు వాడి తిట్లు కావాలి అన్నాడు. నువ్వు తిట్టడం కూడా మానేస్తావని ఊహించలేదు. అందుకే నీ కార్డు వచ్చిన రోజు అంత సంతోషించాడు. రోజూ పొద్దున్నే కుర్చీ ఫ్రిజ్ వైపు తిప్పమంటాడు.

ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. ఈ ఉత్తరం ఒక్కరోజులో చెప్పింది కాదు. నాకు అర్థంకాక మళ్లీ అడిగితే ఓపిగ్గా చెప్తాడు. జోకు అర్థంకాక అడిగితే మాత్రం కోపం వస్తుంది.

ట్రిగ్గరు సరిచేసింది నేనే, పక్కన కూర్చుని అన్నయ్య చెప్పాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఆ మర తిప్పించాడు. అయిపోయాక మార్కర్ తన ఒళ్లో పెట్టమన్నాడు. పెట్టాను. తన వేలు ఎత్తి ట్రిగ్గరు మీద ఆనించమన్నాడు. ఆనించాను. కదల్లేదు. తర్వాత ఏదో అన్నాడు, నాకు అర్థంకాక రెండోసారి అడిగాను. బాగుంది, గోడ చేతికి సరిపోతుంది అన్నాడు.

మా ఇల్లు కింది అంతస్తే కదా, మెట్లు లేవు. ఈ ఉత్తరం చదివిన రోజే రా అన్నా. పండ్లు తేవద్దు. మెల్లగా మాట్లాడొద్దు. గుమ్మంలోనే మొదలుపెట్టి గట్టిగా తిట్టు. తిరిగి తిట్టడానికి అన్నయ్యకి గొంతు ఇంకా కొంచెం ఉంది.